ప్లేడే పడ్డ ఆదివారం

మా ఊళ్ళో ప్లేడే అంటే ఆడుకునే రోజు కాదు. సెలవు రోజున కూడా గనిలో పనికి దిగాల్సి వస్తే దాన్ని ప్లేడే అంటారు. ఆ రోజు హాజరుకు రెట్టింపు కూలి. పనికి ఆట పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నాకు తెలియదు గానీ, మందమర్రి పిల్లలకు నడక వచ్చే వయసుకే ఈ మాట వచ్చేస్తుంది. "బాపుకు ప్లేడే పడ్డది" అంటే ఆ ఆదివారం ఇంట్లో కూర ఆలస్యంగా ఉడుకుతుందని అర్థం. నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే నేను నడిపేది ఆదివారాల మీద బతికే ఒక రగ్బీ క్లబ్బు.

నడపడం అనేది కూడా పెద్ద మాటే. నేను ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే టీచర్ని. నలభై దాటేదాకా రగ్బీ అనే ఆట ఒకటుందని కూడా నాకు తెలియదు. మా కాలనీ కుర్రాడొకడు హైదరాబాదులో డిగ్రీ చదివేటప్పుడు ఆ ఆట నేర్చుకున్నాడు. తండ్రి ఉద్యోగం అతనికి రావడంతో గనిలో పంపుల ఫిట్టర్‌గా చేరాడు. ఊరికి వస్తూ వస్తూ కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని వెంట తెచ్చాడు. దాన్ని చూసి ఊరంతా నవ్వింది. గుడ్డుబంతి అన్నారు. అది నేలమీద పడితే ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి పిల్లలకు మాత్రం తెగ నచ్చింది.

మగపిల్లలు వచ్చారు, కొన్నాళ్ళు ఆడారు, క్రికెట్‌కు వెళ్ళిపోయారు. నిలబడ్డది ఆడపిల్లలు. కానీ వాళ్ళ తల్లులు అతనికి ఒకటే మాట చెప్పారట. "ఆడమనిషి ఎవరన్న ఉంటెనే పంపుతం." అప్పుడతను మా ఇంటికి వచ్చాడు. "మీరేం జెయ్యద్దు మేడం. ఆడ కుర్సీ ఏస్త. ఊకె కూసోండ్రి, గంతే" అన్నాడు. ఆ కుర్చీలో నేను కూర్చున్నది మొదటి నెల మాత్రమే. తరువాత మోకాళ్ళకు పట్టీలు కట్టడం, నీళ్ళ క్యాన్లు మోయించడం, మాసిన జెర్సీలు ఉతికించడం, గ్రౌండ్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం, తల్లిదండ్రులకు సమాధానం చెప్పడం అన్నీ నా నెత్తినే పడ్డాయి. కుర్చీ ఎటు పోయిందో కూడా తెలియదు.

తల్లిదండ్రుల ప్రశ్నలు రెండే రకాలు. మొదటిది, "సర్టిఫికెట్ వస్తదా మేడం?" రెండోది, "మీకేమొస్తది మేడం?" రెండోదే నన్ను ఎక్కువ ఏడిపించింది. ఏమీ రాదంటే నమ్మరు. "గట్లెట్ల? ఊకెనె చేస్తరా ఎవరన్న?" అని పక్కవాళ్ళ ముఖం చూస్తారు. ఒకాయన అయితే నేను కౌన్సిలర్‌గా నిలబడదామని చూస్తున్నానని కనిపెట్టాడు. మా ఊళ్ళో మున్సిపల్ ఎన్నికలు జరిగి ఒక తరం దాటింది. లేని ఎన్నికల్లో నిలబడడానికి ఎర్రటి ఎండలో పిల్లలకు నీళ్ళందిస్తున్నానని ఆయన ఉద్దేశం. నేను నవ్వలేదు. ఇంటికి వచ్చి గిన్నెలు తోముతూ ఆయన్ని తిట్టుకున్నాను.

గ్రౌండ్ సంగతి చెప్పాలంటే అదొక పెద్ద కథ. అది అందరిదీ, అందుకే ఎవరిదీ కాదు. బతుకమ్మ అక్కడే, రావణుణ్ణి కాల్చేదీ అక్కడే, మీటింగులూ అక్కడే, పెళ్ళి విందులూ అక్కడే. పండగ మనదే, వద్దనడానికి నేనెవరిని? కానీ విందు అయిపోయాక టెంటువాళ్ళు ఇనప మేకులు సగం పీకి సగం వదిలేస్తారు. మీటింగు అయిపోయాక సీసాలు పగిలి ఉంటాయి. రగ్బీలో మనిషి నేలమీద పడకుండా ఆట లేదు. అందుకని ఆదివారం పొద్దున ఆట మొదలయ్యే ముందు మేమందరం చెయ్యి చెయ్యి తగిలేంత దూరంలో వరసగా నిలబడి, తలలు వంచుకుని, గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తాం. గాజుపెంకులు, మేకులు ఏరి బకెట్లో వేస్తాం. దారిన పోయేవాళ్ళు చూసి ఏం పోయిందని అడుగుతారు. "మా మతి పోయింది" అని చెప్పాలనిపిస్తుంది.

సాయం చేస్తామని వచ్చినవాళ్ళు లేకపోలేదు. మా వాట్సాప్ గ్రూపులో బోలెడంత మంది ఉన్నారు. ఆదివారం ఎవరెవరు వస్తారని శనివారం అడిగితే బొటనవేళ్ళు లేస్తాయి. పొద్దున గ్రౌండ్‌లో నేను, మా కోచ్ అయిన ఆ ఫిట్టర్ కుర్రాడు, పిల్లలు. ఒకాయన ఇచ్చోడలో అత్తగారింటికి పోయాడు. ఇంకొకాయన మొక్కు తీర్చుకోవడానికి ధర్మపురి పోయాడు. మిగతావాళ్ళకు ప్లేడే. వాళ్ళ మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదని తెలుసు. జీతం లేని పనికి రమ్మని, రెట్టింపు కూలి వచ్చే పనికి పోవద్దని ఏ నోటితో చెప్తాను? తెలిసినా కోపం వస్తుంది. తెలియడం వేరు, కోపం వేరు.

ఇన్ని చికాకుల మధ్య ఒక పిల్ల దొరికింది.

వాళ్ళది మగ్గాల కుటుంబం. సొంత ఊళ్ళో నేత కూలి గిట్టుబాటు కాక తండ్రి మా ఊరికి వచ్చి బజారులో బట్టల దుకాణంలో కుదిరాడు. పిల్ల ఇంటర్ చదువుతోంది. మాట తక్కువ. బంతి చేతికి వచ్చిందా, ఎదుటివాళ్ళు చెయ్యి చాచేలోపు పక్కనుంచి జారిపోతుంది. కోచ్ ఆమెను మొదటిసారి చూసిన రోజు నా దగ్గరకు వచ్చి, "మేడం, గీ పోరి ఉరుకుడు సూశిన్రా? నాకు నేర్పినోళ్ళల్ల గూడ గిట్ల ఉరికినోళ్ళు లేరు" అన్నాడు. నాకు ఆట లోతులు తెలియవు. కానీ ఆ పిల్ల పరిగెడుతుంటే చేతిలో పని ఆపి చూసేదాన్ని. ఎవరైనా చూసేవారు.

ఆమెకు అది ఆఖరి ఏడాది. వయసు ప్రకారం వచ్చే ఏడు ఆ విభాగంలో ఆడనివ్వరు. కరీంనగర్‌లో పోటీలు జరుగుతాయి, అక్కడ చూసి రాష్ట్ర జట్టుకు ఎంపిక చేస్తారు, ఎంపికైతే కరీంనగర్‌లోనే హాస్టల్లో ఉంచి డిగ్రీ చదివిస్తారు అని తెలిసింది. నేను, కోచ్ కలిసి వాళ్ళింటికి వెళ్ళాం. తండ్రి మంచివాడు. మాకు చాయ్ ఇప్పించి, అంతా విని, నెమ్మదిగా చెప్పాడు.

"సెలెక్ట్ అయితె సదువుకుంట ఆడుకోని మేడం. నేనద్దన. కాకుంటె మాత్రం ఇగ బంద్. మంచిర్యాల్ల కంప్యూటర్ నేర్సుకోని ఏదన్న పని జూస్కుంటది. ఇంక నేనెన్ని దినాలు పంపాలె?"

అందులో తప్పు పట్టడానికి ఏముంది? ఏమీ లేదు. పిల్ల లోపలి గదిలో గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. ఆ రోజు నుంచి నాకు క్లబ్బంటే ఆ పిల్లే. మిగతా అందరూ ఆడితే ఎంత, ఆడకపోతే ఎంత అనిపించింది. ఈ ఒక్క పిల్లను అక్కడిదాకా తీసుకెళ్ళి ఆ ఎంపిక చేసేవాళ్ళ కళ్ళముందు పరిగెత్తించాలి. అంతే.

సాధన కూడా సులువుగా లేదు. మా పిల్లలందరూ కబడ్డీలో పుట్టి పెరిగినవాళ్ళు. కబడ్డీలో పట్టుకుంటే ఈల మోగేదాకా వదలకూడదు, వదిలితే పరువు పోయినట్టు. రగ్బీలో పడేసిన వెంటనే వదిలెయ్యాలి, వదలకపోతే తప్పు. మా వాళ్ళు పడేసి, చీలమండ కరుచుకుని, కళ్ళు మూసుకుని పడుకునేవారు. కోచ్ గొంతు పోయేలా "పట్టు ఇడువు! ఇడువంటుంటే!" అని అరిచేవాడు. ఒక పిల్ల లేచి మట్టి దులుపుకుంటూ, "పట్టిందే ఇడువనీకెనా సార్?" అని అడిగింది. నాకు కూడా అదే సందేహం, కానీ బయటికి అనలేదు. వేళ్ళు ఒక్కొక్కటి విప్పి నేర్పించాల్సి వచ్చింది.

చివరికి ఏడుగురు కుదిరారు. ఏడుగురాడే ఆట. పక్కన కూర్చునేందుకు ఇద్దరు. అందరి తల్లులూ ఒప్పుకున్నారు. జెర్సీలు ఉతికి ఆరేశాను. పోటీల వాళ్ళ నియమం ఒకటుంది. క్లబ్బు తరపున పేరు నమోదైన కోచ్ గ్రౌండ్‌లో ఉండాలి. మా కోచ్ వస్తాడు కాబట్టి దాని గురించి నేను ఆలోచించనే లేదు.

శనివారం సాయంత్రం అతని ఫోను.

"మేడం, రేపు నాకు ప్లేడే పడ్డది."

మడతపెడుతున్న జెర్సీని మంచం మీదకు విసిరేశాను. మాట్లాడితే ఏమంటానో నాకే భయం వేసింది.

"బాయిల నీళ్ళొస్తున్నయి మేడం. పంపు ఖరాబైంది. ఫిట్టర్లు తక్కువున్నరు. రాకుంటె ఎట్లని మా సారంటుండు."

మా దగ్గర గనిని బాయి అంటారు. బాయిలో నీళ్ళొస్తే పంపు ఫిట్టర్ దిగాలి, నాకూ తెలుసు. మా నాన్న కూడా దిగినవాడే. కానీ అతను ఆ మధ్యే ఇల్లు మొదలుపెట్టాడు, స్లాబు దగ్గర ఆగింది. నిజంగా తప్పనిసరైందా, లేక రెట్టింపు కూలి చూసి తలూపాడా, నాకు ఈ రోజుకీ తెలియదు. అడిగితే చెప్తాడేమో. అడగాలనిపించలేదు.

"ఆ పిల్ల సంగతి యాదికుందా నీకు?" అన్నాను.

"ఉంది మేడం. అందుకే మీకు జెప్తున్న. మీరు సంబాలించుకోన్రి. నేను లేకున్న ఆడనిస్తరు. ఫోన్ల చెప్పిన ఆళ్ళకు."

"ఎవరికి చెప్పినవ్?"

"ఎవరో ఎత్తిండ్రు మేడం. సరే అన్నరు."

ఆ ఎత్తినవాడెవరో కూడా ఈ రోజుకీ తెలియదు.

ఆదివారం చీకటితోనే పిల్లలను బస్సెక్కించాను. గోదావరి వంతెన దాటేదాకా వాళ్ళు పాటలు పాడారు. పెద్దపల్లి దాటాక ఒకరి భుజం మీద ఒకరు వాలి నిద్రపోయారు. ఆ పిల్ల ఒక్కతే నిద్రపోలేదు. కిటికీ పక్కన కూర్చుని బూట్ల తాడు విప్పడం, మళ్ళీ కట్టడం చేస్తోంది. ఆ బూట్లు క్లబ్బువి, ఆమెకంటే ముందు ఇంకెవరో తొడిగినవి. భయంగా ఉందా అని అడిగాను. "లేదు మేడం. జల్ది ఆడాలనిపిస్తుంది" అంది.

అందరికంటే ముందు మేమే చేరాం. ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తరువాత నాతో ఆలస్యంగా వచ్చారన్నట్టు మాట్లాడారు. గ్రౌండ్ ఎంత బాగుందో! ఒక్క మేకు లేదు. మా పిల్లలు అలవాటు కొద్దీ వరసగా నిలబడి తలలు వంచుకుని నడవబోతే నేనే ఆపాను.

పక్కగా ఒక టేబుల్ వేసుకుని హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడు కూర్చున్నాడు. వచ్చిన జట్లను చూసుకునే పని అతనిది. పిల్లలకు అరటిపళ్ళు కొనడానికి నేను గేటు బయటికి వెళ్ళాను. వెళ్ళేముందు, మన వంతు వస్తే కెప్టెన్‌గా నువ్వు వెళ్ళి నిలబడు అని ఆ పిల్లకు చెప్పాను. వంతు వచ్చింది. ఆమె వెళ్ళింది. తరువాత జరిగింది పక్కనున్న పిల్లలు నాకు అక్షరం పొల్లుపోకుండా చెప్పారు.

ఆ కుర్రాడు కోచ్ ఏడి అని అడిగాడు.

"సారుకు ఇయ్యాల ప్లేడే ఉంది సార్."

"ఓ, ప్లే డేనా? ఎవరితో?"

"ఆళ్ళ బ్యాచ్ తోటి సార్."

"ఊరికేనేనా?"

"ఊకెనె ఎందుకు సార్? డబలిస్తరు."

అంతే. ఆమె అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. అతను తప్పుగా ఒక్కటీ వినలేదు. క్లబ్బులో పేరున్న కోచ్ అదే రోజు ఇంకొక జట్టుతో కలిసి డబ్బులు తీసుకుని ఆడుతున్నాడని అతనికి అర్థమైంది. నేను అరటిపళ్ళ సంచీతో వచ్చేసరికి మా పేరు పక్కన పెట్టేసి, పెద్దవాళ్ళు వచ్చి తేల్చేదాకా ఆగమన్నాడు. మా మ్యాచే మొదటిది.

"బాబూ, ప్లేడే అంటే ఆట కాదు. డ్యూటీ" అన్నాను.

"ప్లే అంటే ఆట మేడం. నాకు ఆ మాత్రం ఇంగ్లీష్ వచ్చు."

"మా దగ్గర ప్లేడే అంటే ఆదివారం చేసే డ్యూటీ. అతను బాయిలో దిగాడు."

కోపంలో మా మాటే వచ్చేసింది. ఆ కుర్రాడు కంగారుగా లేచి నిలబడ్డాడు. "బావిలోనా? ఏమైంది? దెబ్బలు తగిలాయా?"

నాకు అక్కడే కూలబడి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బొగ్గుబాయి అని చెప్పాను. కోచ్ లేకపోయినా ఆడనిస్తామని నిన్న ఫోన్లో ఒప్పుకున్నారంటే, ఎవరు ఒప్పుకున్నారని అడిగాడు, ఆ పేరు నాకు తెలియదు. అయితే ఒక ఫోన్ చేయించండి, ఆయనతోనే మాట్లాడతాను అన్నాడు. గనిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. పైకి వచ్చేదాకా ఆ మనిషి ఉన్నట్టా లేనట్టా భార్యకే తెలియదు, నాకెలా తెలుస్తుంది? ఆ మాట చెప్తే అతని ముఖంలో అనుమానం ఇంకా పెరిగింది. ప్లేడే అంటే డ్యూటీ అట, కోచ్ బావిలో ఉన్నాడట, ఫోన్ లేదట. అతని చోట నేనున్నా నమ్మనేమో. కానీ నేను నా చోట ఉన్నాను, నా వెనక బూట్లు కట్టుకుని పిల్లలు నిలబడి ఉన్నారు. నేను అరిచాను. బడిలో వెనక బెంచీకి వినబడే గొంతు నాది, గ్రౌండంతా వినబడింది. మళ్ళీ అలాంటి రోజు వస్తే మళ్ళీ అరుస్తాను.

గోదావరిఖని నుంచి వచ్చే జట్టు బస్సు దొరక్క ఆలస్యమైంది. వాళ్ళదీ బొగ్గు ఊరే. వాళ్ళ మేనేజరు వచ్చి సంగతి విని పగలబడి నవ్వాడు. "అవు సార్, మేడం చెప్పింది నిజమే. మాకాడ గూడ ప్లేడే అంటె డూటే. మా తమ్ముడు గూడ ఇయ్యాల ప్లేడేకే పోయిండు" అన్నాడు. టేబుల్ దగ్గర కుర్రాడు తల పట్టుకున్నాడు. సారీ మేడం అన్నాడు. నిజంగానే అన్నాడు, మంచి కుర్రాడు. కానీ అప్పటికి మా మ్యాచ్ వేళ దాటిపోయింది. అవతలి జట్టు ఊరికే లోపలికి వచ్చి, నిలబడి, గెలిచి, బయటికి వెళ్ళింది. ఎంపిక చేసేవాళ్ళు ఇద్దరూ కుర్చీల్లో కూర్చుని ఖాళీ గ్రౌండ్‌ను చూశారు.

సంగతి తేలింది కాబట్టి, కోచ్ లేకపోయినా ఇంకొక మ్యాచ్ ఆడనిచ్చారు. ఓడిన జట్లకు అది పక్క గ్రౌండ్‌లో. మా వాళ్ళు మొదట్లో తడబడ్డారు. ఒకమ్మాయి అవతలి పిల్లను పడేసి పాత అలవాటు కొద్దీ వదలకుండా పట్టుకుంది, ఈల పడింది. తరువాత బంతి ఆ పిల్ల చేతికి వచ్చింది.

ఆ పరుగు నేను ఎలా చెప్పను? మొదట ఒకమ్మాయి ఎదురొచ్చింది, ఆమెను దాటేసింది. ఇద్దరు కలిసి వచ్చారు. మా పిల్ల ఎడమకు వెళ్తుందని వాళ్ళు అటు వంగారు, ఈమె కుడివైపు నుంచి వెళ్ళిపోయింది. గీత దాటి బంతిని నేలకు ఆనించి, లేచి, వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను చప్పట్లు కొడుతూ పక్కకు తిరిగి చూశాను. పెద్ద గ్రౌండ్ దగ్గర ఎంపిక చేసే ఆ ఇద్దరి వీపులు కనబడ్డాయి. మ్యాచ్ అయ్యేలోపు ఆమె మళ్ళీ మళ్ళీ పరిగెత్తింది, మళ్ళీ మళ్ళీ గీత దాటింది. ప్రతిసారీ నేను ఆ వీపుల వైపు చూశాను. ఒక్కసారి కూడా తిరగలేదు. నాకు ఏడుపొచ్చింది. బాధతో కాదు, కోపంతో.

మధ్యాహ్నం పేర్లు చదివారు. ఆమె పేరు లేదు. నేను ఆ ఇద్దరిలో పెద్దాయన దగ్గరకు వెళ్ళి, ఒక్కసారి పరిగెత్తించి చూడండి, ఇక్కడే, ఇప్పుడే అని బతిమాలాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు.

"మ్యాచ్ చూడకుండా ఎలా తీసుకుంటాం మేడం? వచ్చే ఏడు తీసుకురండి."

"వచ్చే ఏడు వయసు దాటిపోతుంది సార్."

"అయ్యో. మరి ఈసారి కాస్త ముందే రావాల్సింది కదా!"

తిరుగు బస్సులో ఎవరూ పాడలేదు. ఆ పిల్ల నా పక్కన కూర్చుంది. పెద్దపల్లి దగ్గర అంది. "నేనే ఖరాబ్ జేసిన గద మేడం. డూటీ అంటె అయిపోతుండె." నీ తప్పు కాదన్నాను. మన ఊళ్ళో మాట మనం అన్నాం, అందులో తప్పేముంది అన్నాను. ఆమె తలూపింది, కానీ నమ్మలేదు. నేను ఎంత చెప్పినా ఆమె నమ్మదని నాకు అర్థమైంది. ఇన్నేళ్ళ క్లబ్బు పనిలో నన్ను బాగా కోసింది ఆ క్షణమే. గాజుపెంకులు ఏరగలిగాను గానీ ఆ పిల్ల మనసులో పడ్డది ఏరలేకపోయాను.

మంచిర్యాల దగ్గర పడుతుండగా కోచ్ ఫోన్ చేశాడు. అప్పుడే పైకి వచ్చినట్టున్నాడు, గొంతులో ఆయాసం. "ఎట్లయింది మేడం? సెలెక్ట్ అయ్యిందా?" నా నోటికి వచ్చిన మాటలు బస్సులో అనగలిగేవి కావు. ఫోన్ ఆ పిల్లకు ఇచ్చాను. ఆమె మెల్లగా, "మంచిగనే ఆడిన సార్. కాలే గని, మంచిగనే ఆడిన" అంది. ప్లేడే గొడవ ఒక్క మాట చెప్పలేదు. అతన్ని కాపాడుతోంది. అది చూసి నాకు అతని మీద ఇంకా మండింది.

బస్టాండులో తండ్రి బండి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పిల్ల ముఖం చూడగానే అడగాల్సిన పనిలేకుండా పోయింది. అయినా అడిగాడు.

"కాలే బాపు" అంది.

"సరే, పా."

నా వైపు తిరిగాడు. "మీరు జెయ్యవట్టి గింత దూరమన్న వచ్చింది మేడం. మస్తు జేసిండ్రు. ఇగ సాలు."

కోపంగా అని ఉంటే కొట్లాడేదాన్ని. కొట్లాట నాకు వచ్చు. చేతులు జోడించి చెప్పినవాడితో ఏం కొట్లాడను?

తరువాతి ఆదివారం ఆమె రాలేదు. కోచ్ వచ్చాడు. పిల్లలెవరో అతనికి జరిగింది చెప్పేశారు. నా దగ్గరకు వచ్చి ఏదో మొదలుపెట్టాడు. నేను బకెట్ తీసుకుని అవతలి చివరకు వెళ్ళిపోయాను. ఇల్లు స్లాబు దగ్గర ఆగిపోయిన ఆ మనిషి ఇన్నేళ్ళుగా ఎన్ని ఆదివారాలు ఇక్కడ ఊరికే ఇచ్చాడో నాకు తెలుసు. ఆ ఒక్క ఆదివారం కూడా ఇచ్చి ఉండాల్సింది అనే నా పంతం మాత్రం పోలేదు.

ఆ పైవారం ఆమె వచ్చింది. చుడీదార్ వేసుకుంది, కాళ్ళకు చెప్పులు. క్లబ్బు బూట్లు కడిగి, సంచిలో పెట్టి తెచ్చింది. తిరిగి ఇవ్వడానికి వచ్చిందనుకున్నాను.

"బాపు ఆడద్దన్నడు మేడం. చిన్నపిల్లలకు నేర్పద్దనలే. కంప్యూటర్ క్లాస్ ఆదివారం ఉండది. అడిగితె సరే అన్నడు. రానా?"

కోచ్ ముఖం వెలిగిపోయింది. "రా రా! మనకో మనిషి దొరికింది మేడం!" అన్నాడు.

నిజమే. జీతం అడగకుండా, ప్లేడే పడకుండా, ప్రతి ఆదివారం వచ్చే ఒక్క మనిషి కోసం నేను ఇన్నేళ్ళుగా కనబడ్డవాళ్ళందరినీ బతిమాలాను. ఆ మనిషి వచ్చి నా ముందు నిలబడింది. ఆడడానికి వచ్చిన పిల్లను వాలంటీర్‌గా చేసి పెట్టాను. కోచ్‌తో, "మనిషి దొరుకుడు కాదు, ఆడే పిల్ల పోయింది" అన్నాను. అతను తల దించుకున్నాడు. ఆ మాట అతన్ని మాత్రమే అన్నది కాదు, నన్ను నేను అనుకున్నది కూడా.

ఆమె బూట్ల సంచీ నా చేతికిచ్చి, చున్నీ నడుముకు బిగించి చిన్నపిల్లల దగ్గరకు వెళ్ళింది. వాళ్ళను రెండు వరసలుగా నిలబెట్టింది. ఎవరో విసిరిన బంతి గురి తప్పి ఆమె వైపు ఎగిరింది. చూడకుండానే చేతుల్లోకి తీసుకుంది. ఒళ్ళు ముందుకు వంగింది, ఒక అడుగు పడింది, రెండోది కూడా పడింది. పిల్లలు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. అక్కడ ఆగింది. వరసలో మొదట ఉన్న చిన్నపిల్ల చేతిలో బంతి పెట్టి, "ఉరుకు" అంది.